అధిక గంట

దాని పేరు మూడక్షరాలు, మూడూ హల్లులే.
అచ్చు తోడు లేనిదే నోరు పెగలని భాష నాది.
అందుకే ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారీ పైకి పిలవలేదు,
వేళ్ళతోనే పిలుస్తాను.
పని సవ్యంగా జరిగితే అది ఒక్క ముక్క మాట్లాడదు.
దాని మర్యాద అది.

చేసేది చిన్న పని:
పావుగంటకోసారి లాగ్ ఫైలుకి
వేళ చూసి పేరు పెట్టి పక్కకి జరపడం,
మిల్లులో బస్తాకి చీటీ కుట్టి దొర్లించినట్టు.

లాన్సెస్టన్‌లో గ్రేమ్ పెట్రీ రాశాడు, తొంభై ఎనిమిదిలో.
చూపు మందగించాక నాకు అప్పగించాడు.
రెండు వాక్యాల ఉత్తరం, ఒక పాస్‌వర్డు,
చివర, ఎందుకో, "క్షమించు" అని.

పగలు నేను హోబర్ట్‌లో పళ్ళ డాక్టరు దగ్గర
ఎక్స్‌రేలు తీస్తాను. "కదలకండి" అంటాను రోజుకి నలభైసార్లు.
రాత్రి మూనాలో, వంటగది బల్లమీద,
కదిలిపోయినవాటి సంగతి చూస్తాను.

ఏప్రిల్‌లో, కొండ నెత్తిన తొలిమంచు పడ్డ వారం,
హ్యూవన్ చేపపిల్లల కేంద్రంనుంచి
రాత్రి షిఫ్టు మోరగ్ టెన్నంట్ రాసింది:
"ఆదివారం తెల్లారేసరికి నాలుగువేల సాల్మన్ పిల్లలు
వెల్లకిలా తేలాయి.
రెండింటికీ మూడింటికీ మధ్య
నీళ్ళలో ఆక్సిజన్ లెక్కలు చూస్తే అన్నీ బాగున్నాయి.
మరీ బాగున్నాయి."

ఆ రాత్రి దేశాచారం ప్రకారం
మూడు కొట్టబోయే గడియారాన్ని రెండుకి తిప్పారు.
ఒకే రాత్రిలో రెండు రెండుంపావులు.
మొదటి గంటలో పంపు ఆగింది,
రెండో గంటలో దానంతటదే తిరిగింది.
రెండో గంట వచ్చి
మొదటి గంట పేరే పెట్టుకుని
దానిమీదే కూర్చుంది.

అధికమాసం ఎరిగినవాళ్ళం.
చంద్రుడు సూర్యుడికి బాకీపడితే
నెలకి నెలే అదనంగా వేసి
ఒకటి అధిక శ్రావణం, ఒకటి నిజ శ్రావణం అన్నారే గానీ
రెంటికీ ఒకే పేరు పెట్టి
మొదటిదాన్ని చెరిపేసిన సిద్ధాంతి ఉన్నాడా?

పెట్రీ చెరిపేశాడు.
నాలుగువందల పన్నెండో వరసలో, ఇరవయ్యారేళ్ళ కిందటి ధీమాతో,
ఒక వ్యాఖ్య: "ఈ పేరుతో ఫైలు ముందే ఉండటం అసంభవం."
ఆ వరసని ఎన్నిసార్లు దాటుకుంటూ వెళ్ళానో!
ఇల్లు ఆయన కట్టాడు, నిజమే,
ఆరేళ్ళుగా తాళంచెవి మాత్రం నా దగ్గరుంది.

పాత లాప్‌టాప్ గడియారాన్ని ఆ రాత్రికి తిప్పాను.
పదకొండుసార్లు.
పదకొండుసార్లూ చప్పుడు లేకుండా
ఒక గంట మాయమైంది. తప్పు జరిగిందని కూడా చెప్పలేదు,
ఎందుకంటే దాని లెక్కలో తప్పేం జరగలేదు.
స్టవ్‌మీద పాలు పొంగాయి. అవి నయం, వాసనన్నా వస్తుంది.

మందు నాలుగు వరసలే.
బళ్ళో ఒకే పేరున్న ఇద్దర్ని ఇంటిపేరుతో విడదీసినట్టు
ప్రతి వేళకీ చివర గ్రీన్‌విచ్ ఎంత దూరమో రాయించాను:
ముందుదానికి పదకొండు గంటలు, తర్వాతిదానికి పది.
అసంభవం అన్న చోట
"ఉంటే ఆగు, గట్టిగా చెప్పు" అని పెట్టాను.
పెట్రీ వ్యాఖ్యని తీసెయ్యబోయి
దానికింద తేదీ వేసి వదిలేశాను.

మోరగ్ మళ్ళీ రాసింది:
"వచ్చే ఏప్రిల్‌లోపు ఎక్కిస్తాం.
ఆ మొదటి గంట ఎక్కడైనా దొరుకుతుందా?
పంపు ఎన్ని నిమిషాలు ఆగిందో తెలిస్తే చాలు.
ఆ పూట డ్యూటీ నాదే."

డిస్కు అట్టడుగుదాకా గోకి చూశాను.
దొరకదని రాశాను.
చివర ఇంకో మాట కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి
పంపాను.

ఈరోజు పెర్త్‌నుంచి ఎవరో కోప్పడుతున్నారు:
ఫైలు పేర్లు పొడుగైపోయి వాళ్ళ స్క్రిప్టులన్నీ విరిగాయట,
వాళ్ళ ఊళ్ళో గడియారం ఎవరూ తిప్పరట,
ఎవరి గంటకో తామెందుకు అవస్థ పడాలట.
అడిగినదాంట్లో న్యాయం ఉంది.
ఇంకా జవాబు రాయలేదు.