రెప్ప తిప్పి

నెలలో రెండో ఆదివారం
విన్నిపెగ్ ఉత్తరపు కొసన
పాత గ్రంథాలయం నేలమాళిగలో
మా యూదుల వంశచరిత్ర సంఘం కూడుతుంది.
మొత్తం పదకొండు మందిమి, చలికాలం ఏడుగురం.
గసగసాల కేకు, ఫ్లాస్కులో కాఫీ,
గోడ మీద వంకర అక్షరాల్లో
‘పెన్నులు వద్దు, పెన్సిళ్లే.’

లాజర్ షపోష్నిక్ తన ఇంటిపేరుకి
పద్నాలుగు స్పెల్లింగులు పోగేశాడు.
పదిహేనోది దొరికితే
అందరికీ హెర్రింగ్ చేపల విందట.

నేను వెళ్లింది చిన్న సందేహంతో:
గార్బాజ్ ఎప్పుడు గార్నర్ అయింది?
రేవులో గుమాస్తా మార్చేశాడని మా ఇంట్లో చెప్పేవాళ్లు.
లాజర్ నవ్వాడు.
‘గుమాస్తాకి అంత తీరికెక్కడిది?
మీ ముత్తాతే మార్చుకుని ఉంటాడు, కొట్టు అద్దెకి దొరక్క.’

హిండా క్రవెట్స్కీకి ఎనభై మూడు.
ముప్ఫైయేళ్లు మందుల షాపులో డాక్టర్ల రాత చదివిన కళ్లు,
జారు కాలపు గుమాస్తాలు ఆమెకో లెక్కా?
వోలిన్‌లో ఏదో చిన్న ఊరి జనన పుస్తకం,
ఎడమ పుట రష్యన్, కుడి పుట హీబ్రూ,
నడుమ కుట్టుదారం నీడ.
వేలు దించుతూ వచ్చి
‘ఇదిగో మీ అమ్మమ్మ. బాస్యా. తండ్రి మెండెల్, తోళ్లు ఊనేవాడు.’
మూడు పుటల తర్వాత మళ్లీ ఆగింది.
‘ఇదిగో ఫ్రూమె.’

మా అమ్మమ్మకి చెల్లెలు లేదన్నాను.
‘పుస్తకానికి ఉంది’ అంది హిండా.
కేకు ముక్క నా వైపు జరిపింది.

ఓడ జాబితా దొరకడానికి మార్చి దాకా పట్టింది.
క్విబెక్ రేవు, పన్నెండో సంవత్సరం, మే.
మెండెల్. ఖాయా. బాస్యా, తొమ్మిది.
ఫ్రూమె, ఆరు.
సోస్యా, మెండెల్ చెల్లెలు, పంతొమ్మిది.
చివరి రెండు పేర్ల మీదుగా ఒకే గీత,
స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.
ఆఖరి గడిలో: ట్రకోమా. కళ్లు.
తిరుగు ఓడ.

అప్పుడు గుర్తొచ్చింది వంటింటి కిటికీ.
బడికి వెళ్లేముందు అయిదుగురం వరసగా నిలబడాలి.
అమ్మమ్మ బొటనవేలితో పై రెప్ప తిప్పేది,
వెలుతురుకి పట్టేది,
ఎర్రగా లేకపోతేనే ‘పో’ అనేది.
ఏడ్చిన కళ్లతో గడప దాటే వీల్లేదు మా ఇంట్లో.
సాల్‌కి కళ్లకలక వచ్చినప్పుడు
గ్యాసు మీటరు చూసేవాడు తలుపు తడితే
వాణ్ణి కోట్ల వెనక దాచింది,
నోరు మూసి.
మేం కథలు కథలుగా చెప్పుకుని నవ్వేవాళ్లం.

కంటికి రెప్పలా చూసుకోవడం అంటారు.
ఆమె రెప్పనే చూసేది.

‘తర్వాత ఏమైంది?’ అని హిండాని అడిగాను.
నలభై రెండు నాటికి ఫ్రూమెకి ముప్ఫై ఆరు,
ఆ ఊళ్లోనే ఉండి ఉంటే.
‘ఆ జాబితాలు వేరే సొరుగులో ఉన్నాయి’ అంది.
‘ఇవాళ వద్దు. నీ బస్సు పోతుంది.’

వంశవృక్షం కాగితంలో బాస్యా పక్కన
ఒక గడి గీశాను, పెన్సిల్‌తో, కొంచెం వంకరగా.
పుట్టిన ఏడు రాశాను.
రెండో గీత దగ్గర చెయ్యి ఆగింది.
లాజర్ చూసి, ఏమీ అనకుండా
తన పెన్సిల్ చెక్కుకున్నాడు.

బయట సున్నాకి ముప్ఫై కింద.
బస్ స్టాపులో ఊపిరి పేరుకుని
కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కున్నాయి.
గ్లవ్ తీసి
బొటనవేలితో మెల్లగా పైకెత్తాను.
బస్సు ఇంకా రాలేదు.