అయస్కాంతం అంటని బండి

జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం.
పాత స్పీకర్లోంచి ఊడదీసింది.
రంగు మీద గీత పడకుండా గుడ్డ చుట్టాను.
ఇరవై రెండేళ్లుగా అదే నాకు కూడు పెడుతోంది.
ఫైనాన్సు కంపెనీ ఫోను చేస్తే
ఏడు రోడ్ల కూడలి నుంచి పలాస దాకా
ఎవరి బండైనా, ఒళ్లంతా దాన్ని తిప్పుతాను.
పట్టుకుంటే ఇనుము. జారితే లప్పం.
లప్పం ఉన్నచోట ఒక కథ ఉంటుంది,
అమ్మేవాడు చెప్పనిది.

మీటరు మాట నమ్మను.
క్లచ్ పెడలు రబ్బరు ఎంత అరిగిందో చూస్తాను,
టైరు పక్కన నాలుగంకెల్లో దాని పుట్టినవారం చూస్తాను,
కాళ్లకింద పట్టా ఎత్తి వాసన పీలుస్తాను.
తిత్లీ తుపానులో నీళ్లు తాగిన బండి
ఎన్ని అగరొత్తులు వెలిగించినా ఆ సంగతి దాచలేదు.

గారలో, దుంపల సింహాద్రమ్మ గారి వాకిట్లో
మొదటిసారి నా చేతికి ఏమీ తోచలేదు.
రెండే సీట్లు. కప్పు స్థానంలో మడిచిన గుడ్డ.
జీడిపండు పసుపు, ఎండకి కాస్త పాలిపోయింది.
తలుపు మీద పెడితే జారింది.
బానెట్టు మీద పెడితే జారింది.
డిక్కీ మీద నుంచి కిందపడి, గుడ్డ ఊడి, దొర్లింది.
బండంతా లప్పమేనా అని నేను నోరు తెరిస్తే
డ్రిల్లు టీచరుగా రిటైరైన మనిషి,
మెడలో ఇంకా విజిలుంది, నవ్వింది.
"ఇనుం కాదు బాబూ, ఫైబరు.
మన తెప్పలు నేవా, అదే సరుకు.
గేదె గుద్దేస్తే బందరువానిపేట నుంచి
మైలపల్లి ఎర్రన్న వొచ్చి మాటేసినాడు."
నిజమే. ముందు చక్రం పైన
పడవ అతుకు, దళసరిగా, దాపరికం లేకుండా.

ఫారంలో మూడే గడులు:
బాగుంది, మోస్తరు, బాగాలేదు.
తెప్ప అని ఎక్కడ రాయను?

కిందికి దూరి పడుకున్నాను.
ఉప్పుగాలి తిన్న ఛాసిస్
వేరుశనగ పొట్టులా మొహం మీద రాలింది.
స్పేరు పార్టులు దొరకవు.
మళ్లీ అమ్మితే కొనేవాడు జిల్లాలోనే లేడు.
ఎనభై ఐదు వేలు అని రాశాను, చూపించాను.
"సర్లే, ఎక్కు" అంది.

కళింగపట్నం రోడ్డు.
నేలని అంత దగ్గరగా ఎప్పుడూ చూళ్లేదు.
షేర్ ఆటో చక్రం నా చెవి పక్కనే తిరిగింది.
ఎండు నెత్తళ్ల వాసన,
తరవాత జీడిమామిడి పూత,
తరవాత ఉత్త గాలి.
ముల్లు అరవై దాటలేదు, నేనే చూశాను.
అంత కింద కూర్చుంటే
అరవై కూడా గుండెని గొంతులోకి తెస్తుంది.
బడిపిల్లలు "టీచరమ్మా, హారనూ!" అని వెంటపడ్డారు.
హారను పనిచెయ్యదు.
ఆవిడ విజిలు ఊదింది.

లైట్‌హౌసు దగ్గర వాన.
కప్పు లాగితే ఎడమ మూల కారింది,
సరిగ్గా నా మెడ మీద.
అడక్కుండానే తువ్వాలు అందించింది.
ఫారం తడిసిపోయింది. ఇంకొకటి నింపాను.
అంకె మార్చలేదు. మార్చాలనిపించింది,
కానీ బండి విలువ అంతే.

మూడేళ్లకి ఆవిడే ఫోను చేసింది.
"మోకాళ్లు వొంగట్నేదు. దిగాలంటే ఇద్దరు లాగాల.
ఎనభై ఐదే ఇయ్యి, నువ్వు రాసిందే కదా."
తాళాలతో పాటు ఒక రూళ్ల పుస్తకం ఇచ్చింది.
మొదటి పేజీలో:
"నాలుగో గేరు పిలిస్తే రాదు. బతిమాలాల.
వానాకాలం ఎడమ సీట్లో తువ్వాలు ఉంచాల.
గేదెలకి దారి ఇయ్యాల."

మా ఆవిడ దీన్ని తొట్టి అంటుంది.
తొట్టిలో కూర్చునే ఆదివారం సంతకి వస్తుంది,
ఒళ్లో ఆనపకాయ, జుట్టుకి తుండు.
వంతెన ఎక్కేటప్పుడు
నేను నాలుగో గేరుని బతిమాలుతుంటే
తనూ లోపల్లోపల ఏదో గొణుగుతుంది.

నిన్న ఇన్సూరెన్సు తరఫున ఒక కుర్రాడొచ్చాడు.
జేబులోంచి అయస్కాంతం తీశాడు.
గుడ్డ చుట్టమన్నాను. చుట్టాడు.
తలుపు దగ్గర వంగాడు.
నేను అరుగు మీద కూర్చుని
టీ చల్లారబెట్టుకుంటూ
ఏమీ చెప్పలేదు.