హితాధికారి

గుణుపురం కోర్టు ఎదర, జిరాక్సు కొట్టు పంచన
నా బల్ల.
తెలుగులో ఏడ్చేవాళ్ళని
ఒడియాలోకి దించడం నా వృత్తి.

పొద్దుటే వచ్చింది బెండి గున్నమ్మ.
జాకెట్లు కుట్టే చెయ్యి, చూపుడువేలి నిండా సూది గాట్లు.
బిస్కట్ల డబ్బాలోంచి తీసింది
వాళ్ళ పిన్ని రాయించిన ట్రస్టు దస్తావేజు.
మూల ఎలుక కొట్టింది,
సంతకం జోలికి పోలేదు.

పాత బస్టాండు దగ్గర మూడు కొట్లు.
ఒకటి ఎరువులది, ఒకటి స్టీలు సామానుది,
మూడోదాంట్లో ఫోన్లకు తొడుగులమ్ముతారు.
అద్దెలు పిల్ల తిండికీ చదువుకీ,
మైనారిటీ తీరాక కొట్లు పిల్లకే.
అంతవరకూ చూడవలసింది మేనమామ కామేశం.

పిల్లకిప్పుడు ముప్ఫై ఒకటి.
చదువు ఏడో తరగతిలోనే ఆగింది.
ఏటా దసరాకి ఒక చీర, ఒక అయిదొందల నోటు
మామ చేత్తో ఇస్తాడు,
అత్త పక్కనుంచి "దండం పెట్టుకోవే" అంటుంది.
పెట్టుకుంది, ఇన్ని దసరాలూ,
తన అద్దె డబ్బుకి తనే.

"లెక్క సూపించు మావా అంటే
నా మీద నమ్మకం నేదా అన్నాడు బాబూ.
నమ్మకం ఉందనే కదేటి మా పిన్ని రాసింది?
నమ్మించుకున్నోడికి
లెక్క సెప్పడానికేటి రోగం?"

ఆ ఆఖరి ముక్కకి ఒడియా దొరకలేదు.
మిగతాదంతా రాశాను:
ఖాతా పుస్తకాలు ఈమె చూడాలి,
వచ్చిన అద్దె, పోయిన అద్దె,
కొడుకు పేర మళ్ళిన అద్దె
తేదీలతో సహా చెప్పాలి,
కొట్లు ఇక ఈమెకి ఒప్పజెప్పాలి.

ఆమె పేరు పక్కన రాసిన మాట
చదివి వినిపించాను: హితాధికారి.

"అధికారా? నానా?"
ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

సరిహద్దు అవతల కాగితాల్లో లబ్ధిదారు అంటారు,
కోటా బియ్యం వరసలో
సంచి పట్టుకుని నిలబడ్డ మాట అది.
ఇక్కడి భాష ఆ మనిషికే కుర్చీ వేసింది.
ఒడియాలో అధికారి అంటే హక్కున్నవాళ్ళు,
ఆఫీసరు కాదమ్మా అని చెప్పబోయి
మానేశాను.
కాసేపు ఉండనీ.

ఒడియా వరసల కింద తెలుగులో సంతకం పెట్టింది.
నావత్తు దగ్గర పెన్ను ఆగింది,
మళ్ళీ కదిలింది.

వంద నోటిచ్చింది. నలభై తిరిగిచ్చాను.
నా ఎదటే
లెక్కపెట్టుకుంది, రెండుసార్లు.

నాకు కోపం రాలేదు.