బోర్లా పడుకున్న వకుళకి

గంటకి యాభై నిమిషాలు నేలకేసి చూడాలట,
పది నిమిషాలు సెలవట.
కంట్లో పెట్టిన గాలిబుడగ పైకి తేలి
ఊడిన పొరని గోడకి అదిమి పట్టాలట.
పది రోజులు పుస్తకం లేదు,
పిల్లల లెక్కల పేపర్లు లేవు.
"ఏం వినమంటావో చెప్పవే" అన్నావు
తలగడలోంచి వచ్చిన గొంతుతో.

అడగాల్సినదాన్నే అడిగావు.
హల్ నుంచి విథర్న్‌సీ దాకా
వృద్ధాశ్రమాల దుప్పట్లు మోసే వ్యాను నాది.
ఆరేళ్ళుగా నా చెవిలో
ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు,
ఒక్కరికీ నా పేరు తెలీదు.

హత్యలది వద్దులే అందామనుకున్నాను,
కానీ నువ్వు మొదట అడిగేది అదే.
సరే. ఇద్దరు అక్కచెల్లెళ్ళు చెప్తారు.
శవం దొరికిన చోట సరిగ్గా ఆగి
పరుపుల ప్రకటన చదువుతారు.
పగలే విను.
మూడో భాగం వింటూ నేను
హెడన్ పెట్రోలు బంకులో బండి ఆపి
వెనక మూటల్లో ఎవరూ లేరని
తలుపు తీసి మరీ చూసుకున్నాను.

చరిత్ర కావాలంటే ఉప్పు మీద ఒకటుంది.
నలభై భాగాలు, ఉత్త ఉప్పు.
మొదటి రెండూ చప్పగానే ఉంటాయి
(నవ్వకు, బుడగ కదుల్తుంది),
మూడోదానికి నీకే దాహమేస్తుంది.

లెక్కలది కూడా ఉంది. పంపను.
వాళ్ళ తప్పు దిద్దడానికి తలెత్తుతావు.

క్రికెట్ నీకు పడదని తెలుసు.
అయినా లీడ్స్ ముసలాళ్ళిద్దర్నీ విను.
ఎప్పుడో కుర్రతనంలో చూసిన ఒక ఎల్బీడబ్ల్యూ
ఔటా కాదా అని
ఇప్పటికీ కొట్టుకుంటారు.
ఆట తెలియక్కర్లేదు,
మా పిన్నీ బాబాయిల కాపురం గుర్తుంటే చాలు.
ఈ వేసవి నుంచి ఒకాయన గొంతే వస్తోంది.
ఎందుకో చెప్పలేదు.
"ఔటే" అంటాడు,
అవతలివాడు కాదనడానికి పట్టేంతసేపు ఆగుతాడు,
మళ్ళీ మొదలుపెడతాడు.

తెలుగులోనా? ఉంది.
బిట్రగుంటలో రిటైరైన స్టేషను మాస్టరు,
వారానికో రాత్రి డ్యూటీ చెప్తాడు.
"తాతా, మైకు దగ్గరికి" అని
ఓ పిల్ల గొంతు మధ్యమధ్యన.
కథేం ఉండదు.
లాంతరు వెలిగించాను అంటాడు.
లైన్ క్లియరిచ్చాను అంటాడు.
గూడ్సు పోయిందబ్బయా అంటాడు.
ఆ గూడ్సు గార్డు పెట్టె దాటేదాకా
నేను రౌండెబౌట్ చుట్టూ రెండుసార్లు తిరిగాను,
వెనక కారువాడు ఏమనుకున్నాడో.

నిద్ర రాకపోతే ఆఖరిది పెట్టుకో.
ఎవరో స్పర్న్ బురదలో మైకు పాతాడు.
నీళ్ళొస్తాయి, నీళ్ళు పోతాయి,
పేరు తెలీని పిట్ట ఒకటి పేచీ పెడుతుంది.
అరగంటకోసారి అతను దగ్గుతాడు.
చెప్తే నవ్వుతావు గానీ
నేను ఆ దగ్గు కోసమే వింటాను.

*

నిన్న పులిహోర డబ్బా పట్టుకుని వచ్చాను.
ముఖం పట్టే చిల్లున్న ఆ దిండులో నువ్వు,
నీ ముఖం చూడాలంటే
నేను కార్పెట్ మీద వెల్లకిలా పడుకోవాల్సొచ్చింది.
"ఎక్కడిదాకా విన్నావ్? ఉప్పా? హత్యలా?"
ఒక్కటీ వినలేదట.
నేను పంపిన ఆ వాయిస్ మెసేజే
మీవాడి చేత నాలుగుసార్లు పెట్టించుకున్నావట.

మెచ్చుకుంటావేమోనని చూశాను.
"ఇండికేటరు టకటకలు మరీ ఎక్కువ" అన్నావు.
"పాయింటుకి రావడానికి ఊళ్ళు దాటిస్తావు.
మధ్యలో ట్రాక్టరువాణ్ణి తిట్టావు చూడు,
అది బావుంది."
కంటినీరు ముక్కు చివర్నించి
టప్పున నా నుదుటి మీద పడింది.
"మందు చుక్కలే" అన్నావు.
మందు చుక్కలేనన్నాను.

ఇదుగో, రెండో భాగం.
పాట్రింగ్టన్ దాటాను. వాన.
వెనక నూటపాతిక దుప్పట్లు.
ప్రకటనలేమీ లేవు.
వకుళా,
ముందు మళ్ళీ అదే ట్రాక్టరు.