పదకొండు వారాలకు ఒక గది

ప్రిన్సిపాల్ గారి బల్ల మీంచి నా బల్ల మీదికి
ఒక పసుపు ఫైలు వచ్చి పడింది.
డాక్టర్ సెలామవిత్, అడిస్ అబాబా.
కాన్పుల విభాగంలో పాఠాలు చెప్పడానికి, పదకొండు వారాలు.
గెస్ట్ హౌస్ రిపేర్లలో ఉంది కనుక
"వసతి సంగతి సూపరింటెండెంటు చూసుకోవలెను" అని
మార్జిన్లో ఆకుపచ్చ సిరా.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
బెంచీలు కొన్నాను, శవాలకు ఫార్మలిన్ కొన్నాను.
మనిషికి ఇల్లు వెతకడం ఇదే మొదలు.

తిరుపతిలో గదికి కరువా అని బయల్దేరాను.
ఉన్నాయి. అన్నీ ఇరవై నాలుగు గంటలవే.
బస్టాండు ఎదురు లాడ్జీలో మేనేజరు
వేళ్ళు మడిచి లెక్కేసి నా మొహం చూశాడు.
"పదకొండు వారాలా? దర్శనం అంత లేటా సార్?"

భవానీనగర్లో మిద్దె మీద పోర్షన్.
ఓనరు తలుపు సగమే తీశాడు.
"వాళ్ళేం తింటారు?"
ఆ సగంలోంచే కోడికూర తాలింపు ఘుమఘుమ.

కొర్లగుంటలో ఒకామె, మంచిదే, మంచినీళ్ళిచ్చింది,
ఫోటో అడిగింది, చూసింది,
"మా ఆయన్నడిగి చెప్తా" అంది.
ఆయన అక్కడే పేపరు వెనక ఉన్నాడు.

బైరాగిపట్టెడలో పది నెలల అడ్వాన్సు.
"ఉండేదే మూడు నెల్లు గదయ్యా."
"రూలు రూలే సార్."

అలిపిరి దగ్గర స్కూటర్ ఆపి టీ తాగుతుంటే
కొండదారి దీపాలు వరసగా వెలిగాయి.
ప్లాట్‌ఫారాల మీద, షెడ్లలో, బస్సుల నీడన
గుండ్ల కింద చెప్పుల సంచి పెట్టుకొని
ఎవరి భాషలో వాళ్ళు నిద్రపోతుంటారు.
మీరెవరని ఎవరూ అడగరు.
ఒక రాత్రికైతే అడగం.
రెండో నెల అద్దె దగ్గర్నించే
మనకు కులమూ కూరా గుర్తొస్తాయి.

మునిరత్నమ్మ మా ఆస్పత్రిలోనే ఆయాగా చేసి దిగిపోయింది.
పెన్షన్ కాగితం కోసం వచ్చి
నేను ఫోనులో బతిమాలుతుంటే విన్నది.
"జీవకోనలో మా పైగది ఉండాది గదా సామీ, నన్నడగవే!"
దేశం కాని దేశం మనిషని చెప్పాను.
"ఆ యమ్మ ఏం చెప్తాది మన పిల్లోళ్ళకి?"
"కాన్పయినాక నెత్తురు నిలవకపోతే ఎట్లా ఆపాలో."

కాసేపు అరచేతులు చూసుకుంది.
లేబర్ రూం బక్కెట్లు మోసిన చేతులు.
"అయితే రాత్రిళ్ళు చదువుకుంటాది.
ఆ ట్యూబ్‌లైటు గుడ్డిది. మార్పియ్యాల."

నాకొచ్చిన ఇంగ్లీషులో మెయిల్ రాశాను.
గది పదికి పన్నెండు. బాత్రూం మెట్ల కింద.
నీళ్ళు పొద్దున ఆరింటికి వదుల్తారు.
కోతులొస్తాయి, కిటికీలో పళ్ళు పెట్టొద్దు.
ఏదీ దాచలేదు,
సగం తెరిచిన తలుపుల సంగతి తప్ప.

జవాబులో ఒకటే ప్రశ్న:
గదిలో కాఫీ గింజలు వేయించుకోవచ్చా? పొగ వస్తుంది.

"పొగా?" అంది మునిరత్నమ్మ.
"ముప్పై ఏండ్లు ఫినాయిల్ పీల్చినా. రానీ.
నాకూ ఒక గ్లాసు పోస్తాదేమో అడుగు."

పోలీసు కాగితాల మీద ఇంటామె సంతకం కావాలి.
ఇంక్ ప్యాడ్ ముందుకు జరిపాను. పక్కకు తోసేసింది.
"రాయను నేర్చుకున్నా సామీ."
మునిరత్న దాకా గడిలో పట్టింది.
చివరి మ్మ గీత దాటి
దేశం అని ఉన్న పక్క గడిలోకి పోయింది.
నేను వైట్నర్ తీయలేదు.