ఎడమవైపు మొదటి కుర్చీ

అధ్యక్షుడి కుర్చీకి తెల్ల తువ్వాలు కప్పారు.
ఎడమవైపు మొదటి కుర్చీకి కప్పలేదు.
శ్రీకాకుళం అతిథిగృహంలో ఉన్నది ఒక్క తువ్వాలేనని
అటెండరు సింహాద్రి నా చెవిలో చెప్పాడు,
నేనేదో అడిగినట్టు.

లోలుగు తవిటయ్య గారు చూశారు, కూర్చున్నారు.
పొందూరు చొక్కా చేతులు మడిచి
కళ్లద్దాలు తుడుచుకుని
నేరుగా నూటపదకొండో పేజీకి వెళ్లిపోయారు.
మిగిలినవాళ్లింకా
జీడిపప్పు ప్లేటు దగ్గరే ఉన్నారు.

నేను శాసనసభ రిపోర్టర్ని.
మాట పడ్డచోట గీత పెట్టేవాణ్ణి.
నాకు పార్టీ లేదు, పెన్సిలుంది.
ఇరవై రెండేళ్లుగా సభాసంఘాలు వస్తున్నాయి, పోతున్నాయి.
ఈయన మాత్రం
కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి
నాగావళిలో ఇసుక మేటలా జరుగుతూ
ఏటిలోనే ఉండిపోయారు.

పదకొండు మంది.
అటు ఎనిమిది, ఇటు మూడు.
కూడక ముందే తేలిపోయిన లెక్క.

"ఇంజనీరు గారూ, కాలవకి షట్టర్లెన్ని?"
"పద్నాలుగండీ."
"నిన్న బస్సెక్కి వెళ్లి చూసొచ్చాను. తొమ్మిదున్నాయి.
మిగతా అయిదూ
బిల్లులోనే నీళ్లాపుతున్నాయా?"

ఎవరో నవ్వారు.
నవ్వుకి మా లిపిలో గుర్తు లేదు.

అధ్యక్షుడు కుర్రవాడు, తొలిసారి గెలిచినవాడు.
చెడ్డవాడేం కాదు, తొందరున్నవాడు.
"పెద్దాయనా, టైమైపోతోంది" అన్నాడు.
పెద్దాయనా అన్నది గౌరవమే.
ఒక్కోసారి తలుపు వేసే చప్పుడు కూడా
అలాగే మెత్తగా ఉంటుంది.

మధ్యాహ్నం వరండాలో
శివారు ఊరి మనిషొకామె పట్టుకుంది.
"బావూ, మా మడికి నీరెప్పుడొస్తాది?
నువ్వు సర్కారోడివేనా?"
"కాదమ్మా."
"మరెందుకొచ్చినావు?"
"అడగడానికి."
"అడగడం మాకొచ్చు గదేటి!"
అని తాటి ముంజలు రెండు ఆయన చేతిలో పెట్టి
సర్కారు మనిషిని వెతుక్కుంటూ పోయింది.
ఆయన అలాగే నించున్నారు, వేళ్లమధ్య నీరు కారుతుంటే.

రాత్రి కరెంటు లేదు.
గదికి పిలిచారు. "అసమ్మతి పత్రం రాసుకో" అన్నారు.
పెన్సిలు చెక్కాను.
చాలాసేపు ఏమీ చెప్పలేదు.
తర్వాత,
"ఈ కాలవ మీద మొదటి సంఘం గుర్తుందా నీకు?"

ఉంది.
పదిహేనేళ్ల కిందట. తువ్వాలు కుర్చీలో ఈయన.
ఎడమవైపు మొదటి కుర్చీలో
రాజాం దగ్గరి కోరాడ గవర్రాజు గారు,
దగ్గుతూ, అంకెల మీద వేలు పెట్టి.
ఆయన మూడు పేజీలు చెప్పారు, నేను రాశాను.
తెల్లారి అధ్యక్షులు తవిటయ్య గారు
"అనుబంధం ఎందుకయ్యా, నివేదిక బరువు" అన్నారు.
బరువు తగ్గించాం.

"ఆ మూడు పేజీలు ఏమయ్యాయి?"

నేను మాట్లాడలేదు.
మా ఇంట్లో రేకు పెట్టె అడుగున
పాత పాస్‌పుస్తకాల కింద
అవి ఉన్నాయని
చెప్పడానికి పదిహేనేళ్లు ఆగినవాణ్ణి
ఇంకో నిమిషం ఆగాను.
"ఉన్నాయండి."

ఆయన కళ్లద్దాలు తీసేశారు.
"అయితే రాయి:
ఈ అభ్యంతరం నాది కాదు.
ఇదే కుర్చీలో నాకన్నా ముందు కూర్చున్నాయనది.
ఆ రోజు విననివాణ్ణి నేను.
అయిదు షట్టర్ల లోటులో
నా వాటా ఎంతో
సంఘం తేల్చాలి."

తెల్లారి ఓటింగు. ఎనిమిది, మూడు.
అందరూ జీపులెక్కుతున్నారు.
కుర్రాడు అధ్యక్షుడు మాత్రం
ఆ కాగితాన్ని నిలబడే చదివాడు,
మళ్లీ మొదటినుంచి చదివాడు.
"ఇది తీసేయొచ్చా?" అనడిగాడు నన్ను.

"నిబంధనల్లో లేదండి.
తీసినవాళ్లయితే ఉన్నారు."

ఆయన ఎడమవైపు చూశాడు.
కుర్చీ ఖాళీగా ఉంది,
చేతిమీద
ఎండిన ముంజనీటి మరక.