ఆరింటి నీళ్లు

కూర్మారావు గారూ,
నోటీసు బోర్డుకి మీరంటించిన కాయితం చదివేను.
నూట నాలుగులో పొగ, అని రాసేరు.
పొగే. కాదన్ను.
శనివారం సాయంత్రం పచ్చి కాఫీగింజలు
పెనం మీద వేయిస్తాది ఆ పిల్ల.
పూర్ణామార్కెట్లో నేనే కొనిపెట్టేను,
అరకు గింజలు, అరకిలో.
నల్లబడి చిటపటమన్నాక
ఆ పెనం పట్టుకొని అందరి ముక్కుల ముందరా తిప్పుతాది,
మనం హారతి తిప్పినట్టు.
మీరు ఫైరింజనుకి ఫోన్ చేసిన రోజు
ఆ గదిలో ఉన్నది నేనూ, వాచ్‌మన్ అసిరయ్యా.
మూడేసి కప్పులు తాగేం.
మూడోది తాగకుండా లేవకూడదట.

పేరు త్సెహాయ్.
అసిరయ్య నోరు తిరక్క సహాయమ్మ అంటాడు.
ఇథియోపియా నుంచి వచ్చింది,
యూనివర్సిటీలో చేపల మీద చదువు.
చినవాల్తేరంతా తిరిగి తిరిగి నా గుమ్మంలోకొచ్చింది.
నీసు తింటావా అని అడిగినోళ్లు ఇద్దరు,
ఖాళీ లేదు పొమ్మని, టులెట్ బోర్డు మాత్రం
తియ్యనోళ్లు అయిదుగురు.
ఆ నీసు సంగతీ చెప్తాను వినండి.
బుధవారం, శుక్రవారం పాలు కూడా ముట్టదు.
మీ ఆవిడ కార్తీకమాసం ఒక్కటే,
ఈ పిల్లకి ఏడాదంతా వారానికి రెండ్రోజులు.

పులిసిన వాసనని కూడా రాసేరు.
చోడిపిండి అది.
వాళ్లూరి గింజ ఇక్కడ దొరక్క
చోడిపిండిలో వరిపిండి కలిపి మూడ్రోజులు నానబెడతాది,
పెద్ద అట్టు పోస్తాది, ఒకవైపే కాలుస్తాది.
అట్లపిండి వాసనకి కూడా పాస్‌పోర్టు అడుగుతామా?

వచ్చిన కొత్తలో చెప్పేను,
అమ్మా, కుళాయి ఆరింటికొస్తాది, అరగంటే, అని.
బుర్రూపింది.
మిట్టమధ్యాహ్నం బకెట్టు పట్టుకొని
ఎండిపోయిన కుళాయి కింద నిల్చుంది.
వాళ్లకి పొద్దు పొడిస్తే పన్నెండు.
గంట ఎండెక్కితే ఒంటిగంట.
మన మధ్యాహ్నం వాళ్ల ఆరు.
నవ్వేను గానీ,
మా అమ్మమ్మా అంతే,
పొద్దు పొడిచిన కాడి నుంచే గడియలు లెక్కెట్టేది.
కాలేజీకి మన టైమే వాడతాది.
ఇంట్లోకొచ్చి చెప్పులిప్పితే వాళ్ల టైము.
మోటారు రిజిస్టర్లో
'నడిరాత్రి పన్నెండుకి నీళ్లెక్కించిందెవరు'
అని మీరు ఎర్రసిరాతో గీత గీసిన పేజీ
దాని వంతు రోజుదే.
తెల్లారి ఆరు అది. దిద్దలేదు నేను.

అవునని చెప్పడానికి ఊపిరి లోపలికి పీలుస్తాది.
మొదట్లో బల్లిని చూసి ఉలిక్కిపడిందనుకొన్నాను.
ఉప్పుగాలికి పెనం తుప్పట్టిందని ఏడిస్తే
కొబ్బరినూనె రాయమన్నాను.
పీల్చింది.
పోలీస్‌స్టేషన్లో సి ఫారం పెట్టడానికి
ఇద్దరం ఆటోలో వెళ్లేం.
సంతకం పెడుతూ నా చెయ్యి వణికింది, దానిది వణకలేదు.

మీకు తెలీదేమో,
నేనూ మస్కట్లో పదకొండేళ్లు వంటచేసేను.
ఈ ఫ్లాటు ఆ పొయ్యి డబ్బే.
ఒకనాడు నాకోసమని ఇంత గోంగూర,
ఎండుమిరపకాయల పోపు పెట్టుకొంటే
పైనుంచి కిందికి కిటికీలు
ఒక్కొక్కటే మూసుకొన్నాయి.
లెక్కెట్టేను. తొమ్మిది.
ఉన్నన్నాళ్లూ మరి పోపు పెట్టలేదు.

మొన్న మీ నోటీసు
అసిరయ్య చేత చదివించుకొంది.
వాడికొచ్చిన ఇంగ్లీషులో ఏం చెప్పేడో గానీ
శనివారం పొయ్యి వెలిగించేముందు
తనే కిటికీ మూసుకొంది.
గోడకివతల వినబడింది నాకు.
అది పదోది.

ఈ శనివారం రండి కూర్మారావు గారూ,
మీ ఆవిణ్ణీ తీసుకురండి.
సాయంత్రం పన్నెండింటికి.
మీ లెక్కలో ఆరు.
కిటికీ నేను తెరిపిస్తాను.

రేపు మోటారు వంతు మీదే.
పోయినసారి మర్చిపోయేరు.

ఇట్లు,
వరహాలమ్మ, నూట మూడు.